ఆధునిక ఐరోపా చిత్రకళలో రంగు, ఉద్వేగం (1885–1914)

1885 ప్రాంతం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేదాకా గడిచిన మూడు దశాబ్దాలలో ఐరోపా చిత్రకారులు కొందరు రంగుకు కొత్త పని అప్పగించారు. అంతవరకు బొమ్మలో రంగు ఉన్నది వస్తువును పోల్చుకోవడానికి. ఆకు పచ్చగా ఉండాలి, ఆకాశం నీలంగా ఉండాలి, ముఖం ముఖపు రంగులో ఉండాలి. ఈ కట్టుబాటును పక్కన పెట్టి, మనసులో కలిగే భయాన్ని, ప్రశాంతతను, భక్తిని, ఒంటరితనాన్ని నేరుగా రంగుతోనే చూపవచ్చని వీళ్ళు నిరూపించారు. విన్సెంట్ వాన్ గో, పాల్ గొగాన్, ఎడ్వర్డ్ మూంక్ దారి చూపినవారు. ఫ్రాన్సులో ఫావ్ చిత్రకారులు, జర్మనీలో డీ బ్రూకె, డెర్ బ్లావె రైటర్ బృందాలు ఆ దారిని రాజబాటగా మార్చాయి.

ఎరుపంటే కోపం, నీలమంటే విషాదం అనే పట్టికతో ఈ చిత్రాలను చదవబోతే దెబ్బతింటాం. ఒకే ఎరుపు ఒకరి చేతిలో పవిత్రంగా, మరొకరి చేతిలో వినాశకరంగా, ఇంకొకరి చేతిలో నిండు సంసారంలా కనిపిస్తుంది. ఉద్వేగం పుట్టేది రంగుల మధ్య ఉన్న సంబంధంలో: ఏ రంగు పక్కన ఏది ఉంది, ఎంత మేర పరుచుకుంది, ఎక్కడ ఆగింది.

రంగుల వెనక రసాయన శాస్త్రం

ఈ మార్పు చిత్రకారుల గుండెల్లోంచి ఉన్నపళంగా ఊడిపడలేదు. పారిస్‌లోని గోబెలాఁ రాజ నేతశాలలో అద్దకం విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్ల దారాలకు అద్దిన రంగు వెలవెలబోతోందని ఆయన దగ్గరికి ఫిర్యాదులు వచ్చాయి. అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన రంగుల వల్ల నలుపు కంటికి బలహీనంగా ఆనుతోందని ఆయన కనుక్కున్నాడు. రెండు రంగులు పక్కపక్కన చేరితే ఒకదాన్నొకటి మారుస్తాయన్న ఈ సూత్రాన్ని 1839లో పుస్తకంగా వెలువరించాడు. ఎరుపు–ఆకుపచ్చ, నీలం–నారింజ, పసుపు–ఊదా వంటి పూరక వర్ణాల జంటలు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయని ఆ పుస్తకం ద్వారా చిత్రకారులకు స్పష్టంగా తెలిసింది.

అదే కాలంలో రంగులు కూడా మారాయి. అఫ్గానిస్తాన్ గనుల నుంచి వచ్చే లాపిస్ లాజులి రాయిని నూరి తీసే అల్ట్రామెరీన్ నీలం శతాబ్దాలుగా చాలా ఖరీదైన సరుకు. 1820ల్లో దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతి ఫ్రాన్సులో దొరికింది. క్రోమ్ పసుపు, కాడ్మియం పసుపు, కోబాల్ట్ నీలం, విరిడియన్ ఆకుపచ్చ ఒకదాని వెనక ఒకటి దుకాణాలకు చేరాయి. నూనెలో కలిపిన రంగును అంతకు ముందు పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో దాచేవారు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ మూత బిగించే తగరపు ట్యూబుకు పేటెంటు పొందాడు. రంగులను సంచిలో వేసుకుని పొలం గట్టుకు వెళ్ళడం దీంతో తేలికైంది. ఆరుబయట వెలుగును పట్టుకోవాలని బయలుదేరిన ఇంప్రెషనిస్టులు 1874లో తమ మొదటి ప్రదర్శన పెట్టారు. వాళ్ళకు కావలసింది కంటికి కనబడే వెలుగు. జార్జ్ స్యూరా ఆ వెలుగును చుక్కలుగా విడదీసి శాస్త్రంగా మార్చబోయాడు, 31 ఏళ్ళకే 1891లో కన్నుమూశాడు. మనసు సంగతి వాళ్ళ తర్వాతి వాళ్ళది.

వాన్ గో, గొగాన్, మూంక్

వాన్ గో 1885లో వేసిన ‘బంగాళాదుంపలు తినేవారు’ మట్టిరంగుల బొమ్మ. మరుసటి ఏడాది పారిస్ చేరాక ఆయన పలక రంగులమయమైంది. ఆయన వాడిన ఒక ఎర్ర లక్కపెట్టె ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. దాని నిండా ఉన్ని దారపు ఉండలు. కొన్ని ఉండల్లో రెండు మూడు రంగుల పోగులను కలిపి చుట్టాడు. కుంచె పట్టేముందు ఏ రంగు ఏ రంగుతో కలిస్తే ఏమవుతుందో దారాలతో సరిచూసుకున్నాడన్నమాట. వాన్ గో అంటే పిచ్చి ఆవేశంలో రంగులు కుమ్మరించిన మనిషన్న పేరు స్థిరపడిపోయింది. ఆ దారపు ఉండలు చెప్పే మాట వేరు. ఆయన ఉద్వేగం ఎంత నిజమో, ఆయన సాధన అంత నిజం.

1888 సెప్టెంబరులో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో ఆయన వేసిన ‘రాత్రి కాఫీ హోటలు’ ఈ వ్యాస విషయానికి మూలస్తంభం. గోడలు నెత్తురు ఎరుపు. పైకప్పు ఆకుపచ్చ. నట్టనడుమ ఆకుపచ్చ బిలియర్డ్సు బల్ల, దాని పక్కన తెల్లటి దుస్తుల్లో హోటలు యజమాని. వేలాడే దీపాల చుట్టూ నారింజ, పచ్చ వలయాలు. నేల పసుపు, అది మనవైపు ఒరిగినట్టుంటుంది. గోడల వారగా బల్లల మీద వాలిపోయిన నలుగురైదుగురు. మూడు రాత్రులు మేలుకుని, పగలు నిద్రపోతూ వేశానని తమ్ముడు థియోకు రాశాడు. ఎరుపు ఆకుపచ్చలతో మనుషుల్లోని భయంకర వ్యామోహాలను చెప్పదలచానని, మనిషి ఇక్కడ తనను తాను నాశనం చేసుకోగలడనిపించాలని ఆ ఉత్తరాల్లో వివరించాడు. షెవ్రెల్ నేతశాలలో కనుక్కున్న పూరక వర్ణాల పోరు ఇక్కడ మనుషుల పోరైంది. మరుసటి నెలలో తన పడకగదిని వేసినప్పుడు అదే చేతితో, అంతే తేట రంగులతో, విశ్రాంతిని చూపాలనుకున్నాడు. ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రంగు గురించి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత తెలుస్తుంది.

అదే 1888లో బ్రిటనీలోని పాంటవెన్ గ్రామంలో గొగాన్ ‘ప్రసంగం తర్వాతి దర్శనం’ వేశాడు. చర్చిలో ప్రసంగం విని వచ్చిన పల్లె స్త్రీలు తెల్ల టోపీలతో నిలబడి ఉంటారు. వాళ్ళ కళ్ళముందు బైబిలులోని యాకోబు దేవదూతతో కుస్తీ పడుతుంటాడు. వాళ్ళు నిలబడ్డ నేల మొత్తం ఎరుపు. గడ్డి లేదు, మట్టి లేదు, నీడ లేదు. జరుగుతున్నది ఊళ్ళో కాదు, ఆ స్త్రీల మనోనేత్రంలో అని ఆ ఎర్ర నేలే చెబుతుంది. వాన్ గో హోటలు గోడల మీది ఎరుపు ఊపిరాడనివ్వదు. గొగాన్ ఎరుపు ప్రార్థనలా పరుచుకుంటుంది. దగ్గరి ఊరి చర్చికి ఈ చిత్రాన్ని ఇవ్వబోతే పూజారి తీసుకోలేదు. ఇప్పుడది ఎడిన్‌బరోలో ఉంది. ఆ శరదృతువులోనే గొగాన్ పక్కన కూర్చుని పాల్ సెరూజియె అనే యువకుడు చిన్న చెక్క పలక మీద ఒక అడవి దృశ్యం వేశాడు. చెట్టు పసుపుగా కనబడితే నీ దగ్గరున్న పసుపుల్లో మేలైనది పెట్టు అన్నది గొగాన్ సలహా సారాంశం. ‘తాయెత్తు’ అని పేరుపడ్డ ఆ పలకను పారిస్‌లో మిత్రులు గురుమంత్రంలా భావించి, నబీ అనే బృందంగా ఏర్పడ్డారు.

నార్వే చిత్రకారుడు మూంక్ 1893లో వేసిన ‘ఆక్రందన’ అందరూ ఎరిగిన చిత్రం. సూర్యాస్తమయంలో నెత్తురులా మారిన ఆకాశం తనను కుదిపేసిన సంగతిని ఆయన అంతకు ముందే దినచర్యలో రాసుకున్నాడు. నూనె రంగు, టెంపెరా, క్రేయాను కలిపి అట్ట మీద గీసిన ఈ బొమ్మలో ఆకాశపు ఎర్రని అలలూ ముఖం ఆకారమూ ఒకే వంపులో సాగుతాయి. బయటి ప్రకృతికీ లోపలి భయానికీ మధ్య గోడ లేదు. జర్మన్ యువ చిత్రకారులకు మూంక్ పెద్దన్న వంటివాడయ్యాడు.

1905: పారిస్‌లో ఏడో గది

ఆన్రీ మాతీస్ లాయరు గుమాస్తాగా జీవితం మొదలుపెట్టాడు. జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు తల్లి తెచ్చిచ్చిన రంగుల పెట్టెతో చిత్రకారుడయ్యాడు. 1905 వేసవిలో ఆయన, ఆంద్రే దెరాన్ స్పెయిన్ సరిహద్దుకు దగ్గరున్న కొలియూర్ అనే జాలరి రేవులో కలిసి పనిచేశారు. ఎర్ర తెరచాప కొయ్యలు, గులాబీ ఇసుక, అక్కడక్కడా రంగు పెట్టకుండా వదిలేసిన ఖాళీ కాన్వాసు: ఫావిజం అక్కడ పుట్టింది. ఆ అక్టోబరులో పారిస్ శరత్కాల ప్రదర్శనలో వీళ్ళ చిత్రాలు ఏడో గదికి చేరాయి. అదే గదిలో సంప్రదాయ పద్ధతిలో చెక్కిన ఒక చిన్న శిల్పం కూడా ఉంది. విమర్శకుడు లూయీ వోసెల్ ఆ శిల్పాన్ని చూసి, పాపం పునరుజ్జీవన కాలపు శిల్పి దోనతెల్లో క్రూరమృగాల మధ్య చిక్కుకున్నాడనే అర్థంలో ‘గిల్ బ్లాస్’ పత్రికలో రాశాడు. క్రూరమృగాలకు ఫ్రెంచిలో ఫావ్‌లు. పేరు అలా అతికింది.

ఆ ప్రదర్శనలో రేగిన గోలకు కేంద్రమైన బొమ్మ ‘టోపీ పెట్టుకున్న స్త్రీ’. అందులో ఉన్నది మాతీస్ భార్య అమెలీ. ముఖం మీద ఆకుపచ్చ, పసుపు, ఊదా పట్టీలు. ఆమె నిజంగా ఏ రంగు దుస్తులు వేసుకుందని అడిగితే, నలుపే కదా అని మాతీస్ అన్నాడంటారు. పారిస్‌లో ఉంటున్న అమెరికన్ స్టైన్ కుటుంబం దాన్ని 500 ఫ్రాంకులకు కొంది. అదే ఏడాది వేసిన మరో చిత్రం ‘ఆకుపచ్చ చార’ ఇంకా సూటిగా ఉంటుంది. అడుగున్నర ఎత్తు కూడా లేని ఈ చిత్రపటంలో నుదుటి నుంచి గడ్డం దాకా ఒక ఆకుపచ్చ పట్టీ దిగుతుంది. దానికి ఒకవైపు చెంప పసుపు, మరోవైపు గులాబీ. పాత పద్ధతిలో వెలుగుపక్క, నీడపక్క అని విడదీసే చోట మాతీస్ వెచ్చని పక్క, చల్లని పక్క అని విడదీశాడు. ఆ చారను వేలితో మూసి చూడండి, ముఖం చదునైపోతుంది. అల్లరిగా కనబడే ఆ గీతే ముక్కును నిలబెడుతోంది, మనిషికి గాంభీర్యం ఇస్తోంది.

దెరాన్ 1906లో చిత్రాల వ్యాపారి ఆంబ్రూవాజ్ వొల్లార్ పంపగా లండన్ వెళ్ళి, పొగమంచు నగరాన్ని పసుపు నదితో, నీలి వంతెనలతో తిరిగి కట్టాడు. ఆ రోజుల్లో రంగు ట్యూబులు తమకు డైనమైట్ తూటాల్లా ఉండేవని తర్వాత గుర్తుచేసుకున్నాడు. సైకిలు పందేల ఆటగాడు, వయొలిన్ వాద్యకారుడు అయిన మొరీస్ వ్లామింక్ ట్యూబును నేరుగా కాన్వాసు మీద పిండినంత పని చేశాడు. వ్లామింక్‌లో జోరు ఎక్కువ, ఆలోచన తక్కువ. రెండు మూడేళ్ళలో ఆ జోరు చల్లారింది. 1907లో సెజాన్ స్మారక ప్రదర్శన చూశాక జార్జ్ బ్రాక్ వంటి ఫావ్ చిత్రకారులు నిర్మాణం వైపు, క్యూబిజం వైపు మళ్ళారు. క్యూబిజం తొలి ఏళ్ళలో రంగు గోధుమ, బూడిద ఛాయలకు కుదించుకుపోయింది. 1908 నాటికి ఫావిజం ఉద్యమంగా ముగిసింది.

మాతీస్ మాత్రం రంగును వదల్లేదు. 1908లో మాస్కో వస్త్ర వ్యాపారి సెర్గేయ్ ష్చూకిన్ భోజనశాల కోసం వేసిన పెద్ద చిత్రం మొదట నీలంగా తయారైంది. తృప్తి కలగక మొత్తాన్ని ఎర్రగా మార్చేశాడు. అదే ‘ఎరుపు రాగం’, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉంది. బల్ల మీది గుడ్డ, వెనక గోడ ఒకే ఎరుపు. రెండింటి మీదా నీలి తీగల నగిషీ. పక్కన కిటికీలోంచి పచ్చని తోట. పనిమనిషి పళ్ళు సర్దుతోంది. ఈ ఎరుపులో కోపం లేదు, భయం లేదు, సమృద్ధి ఉంది. ఆ డిసెంబరులో అచ్చయిన ‘ఒక చిత్రకారుడి నోట్సు’ వ్యాసంలో ఆయన చెప్పింది కూడా ఇదే ధోరణి: భావం మనిషి ముఖంలో పొంగే ఆవేశంలో ఉండదు, చిత్రంలోని మొత్తం అమరికలో ఉంటుంది. అలసిన మనసుకు కళ విశ్రాంతి ఇవ్వాలన్నది ఆయన కోరిక. క్రూరమృగమని పేరు పడ్డ మనిషి వెతికింది శాంతిని.

డ్రెస్డెన్, బెర్లిన్ వీధులు

1905 జూన్ 7న డ్రెస్డెన్‌లో నలుగురు వాస్తుశిల్ప విద్యార్థులు డీ బ్రూకె (వంతెన) అనే బృందాన్ని స్థాపించారు. వాళ్ళు ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్ష్‌నర్, ఎరిక్ హెకెల్, కార్ల్ ష్మిట్-రోట్లుఫ్, ఫ్రిట్జ్ బ్లైల్. చిత్రకళలో పెద్దగా శిక్షణ లేకపోవడమే తమ బలమనుకున్నారు. వాన్ గో, మూంక్ చిత్రాలను, డ్రెస్డెన్ మ్యూజియంలోని ఆఫ్రికా, పసిఫిక్ దీవుల శిల్పాలను చూసి నేర్చుకున్నారు.

కిర్ష్‌నర్ ‘డ్రెస్డెన్ వీధి’ 1908లో మొదలైంది, 1919లో మళ్ళీ దిద్దాడు. వీధి నేల మొత్తం గులాబీ రంగు. గులాబీ సాధారణంగా లాలిత్యానికి గుర్తు. ఇక్కడ అది జ్వరం. జనం గుంపుగా ఉన్నా ఒకరినొకరు చూడరు. ముఖాలు ముసుగుల్లా ఉంటాయి, వాటి అంచుల్లో ఆకుపచ్చ, నారింజ. నడుమ పెద్ద టోపీ పెట్టుకున్న ఒక చిన్న పిల్ల ఒంటరిగా నిలబడింది. మాతీస్ దగ్గర ఉన్న రంగులే ఇక్కడా ఉన్నాయి. మాతీస్ వాటి మధ్య గాలి ఆడనిచ్చాడు. కిర్ష్‌నర్ వాటిని ఇరికించాడు. బృందం 1911లో బెర్లిన్‌కు మారింది, 1913లో విడిపోయింది. 1915లో సైనిక దుస్తుల్లో తనను తాను చిత్రించుకున్న కిర్ష్‌నర్ తన కుడిచేతిని తెగిపోయినట్టు చూపాడు. నిజానికి ఆయన చేతికి ఏమీ కాలేదు.

నీలి గుర్రాలు

మ్యూనిక్‌లో వచ్చిన డెర్ బ్లావె రైటర్ (నీలి రౌతు) వేరే స్వభావం గల బృందం. 1866లో మాస్కోలో పుట్టిన వసీలీ కాండిన్‌స్కీ న్యాయశాస్త్రం చదివి, అధ్యాపక పదవిని కాదని, ముప్పయ్యో ఏట చిత్రకళ నేర్చుకోవడానికి మ్యూనిక్ చేరాడు. 1911లో తన పెద్ద చిత్రాన్ని ఒక కళాకారుల సంఘం తిరస్కరించడంతో ఆయన, ఫ్రాంజ్ మార్క్ బయటికొచ్చి డిసెంబరు 18న సొంత ప్రదర్శన తెరిచారు. ‘కళలో ఆధ్యాత్మికత’ అనే కాండిన్‌స్కీ పుస్తకం వెలువడింది కూడా ఆ రోజుల్లోనే. ఆయనకు రంగు వినిపించేది. లేత నీలం వేణువు, ముదురు నీలం చెల్లో, ఇంకా ముదిరితే ఆర్గన్. పసుపు చెవులు చిల్లులుపడే బాకా. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో ఆర్నల్డ్ షోన్‌బెర్గ్ సంగీత కచేరీ విని వేసిన ‘ఇంప్రెషన్ 3’లో పసుపు వరద చిత్రాన్ని ముంచెత్తుతుంది, నల్లటి పియానో ఆకారం ఒక్కటే దాన్ని అడ్డుకుంటుంది.

మార్క్ 1910 డిసెంబరులో మిత్రుడు ఆగస్ట్ మాకెకు రాసిన లేఖలో తన సొంత వర్ణ సిద్ధాంతం చెప్పాడు. నీలం పురుష తత్వం, కఠినం, ఆత్మికం. పసుపు స్త్రీ తత్వం, మృదువు, ఉల్లాసం. ఎరుపు భౌతిక పదార్థం, మొరటు, బరువు. కాండిన్‌స్కీకి పసుపు కలవరపెట్టే రంగు. అదే పసుపు మార్క్‌కు ఆనందం. ఇద్దరూ ఒకే బృందంలో, ఒకే కాలంలో పనిచేసినవాళ్ళు. రంగుకు స్థిరమైన అర్థం ఉందన్న వాదం ఇక్కడే వీగిపోతుంది. సిద్ధాంతాలు వాళ్ళకు చేతికర్రలు మాత్రమే, నడిచింది చిత్రాలు. మార్క్ ‘పెద్ద నీలి గుర్రాలు’ మనల్ని తాకేది నీలం పురుష తత్వమని తెలిసినందువల్ల కాదు. మూడు గుర్రాల వంగిన మెడలు, వెనక ఎర్రని కొండల వంపులు ఒకదానితో ఒకటి ఒదిగిపోయి, మనిషి లేని లోకంలో ఒక సామరస్యం ఉన్నట్టు నమ్మిస్తాయి. ‘పసుపు ఆవు’లో ఆ జంతువు కాళ్ళెత్తి గెంతుతుంటే వెనక నీలి కొండలు దానికి నిలకడ ఇస్తాయి.

యుద్ధం, ఆ తర్వాత

మాకె 1914 సెప్టెంబరులో, 27 ఏళ్ళ వయసులో, షాంపేన్ రణరంగంలో చనిపోయాడు. మార్క్ 1916 మార్చి 4న వెర్దాఁ దగ్గర మరణించాడు, ఆయనకు 36 ఏళ్ళు. శత్రుదేశీయుడైన కాండిన్‌స్కీ జర్మనీ విడిచి రష్యా వెళ్ళాల్సివచ్చింది, తిరిగొచ్చాక 1922లో బావ్‌హౌస్ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. ఆ డిసెంబరులోనే కాండిన్‌స్కీ, పాల్ క్లే తదితర బావ్‌హౌస్ చిత్రకారుల పనులు కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనకు వచ్చాయి. ఈ కళ భారతీయుల కంటపడిన తొలి సందర్భాల్లో అది ముఖ్యమైనది.

1937 జూలైలో నాజీలు మ్యూనిక్‌లో ‘పతిత కళ’ అనే ప్రదర్శన పెట్టి, జర్మన్ మ్యూజియాల నుంచి లాక్కున్న సుమారు 650 చిత్రాలను, శిల్పాలను అవహేళన చేశారు. చిత్రకారుడు ఎమిల్ నోల్డె నాజీ పార్టీ సభ్యుడు, యూదు ద్వేషి. అయినా ఆయన పనులే వెయ్యికి పైగా జప్తయ్యాయి. కిర్ష్‌నర్ 1938 జూన్‌లో స్విట్జర్లాండ్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. మార్క్ చిత్రం ‘నీలి గుర్రాల గోపురం’ 1945 నుంచి కనబడడం లేదు. కాండిన్‌స్కీ ఒకప్పటి సహచరి, తానూ గొప్ప చిత్రకారిణి అయిన గాబ్రియేలె మ్యుంటర్ మాత్రం ముర్నౌ గ్రామంలోని తన ఇంటి నేలమాళిగలో బృందం చిత్రాలను ఆ చీకటి కాలమంతా కాపాడింది. 1957లో వాటిని మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్‌కు ఇచ్చేసింది. ఆ ఒక్క స్త్రీ జాగ్రత్త లేకపోతే ఈ అధ్యాయంలో సగం పేజీలు ఖాళీగా ఉండేవి.

మారిపోతున్న రంగులు

ఈ చిత్రాల్లో మనం చూస్తున్నది చిత్రకారుడు పెట్టిన రంగేనా అన్నది ఇప్పుడు శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న. వాన్ గో పడకగది గోడలు మొదట లేత ఊదా. అందులోని ఎరుపు వెలుతురుకు వెలిసిపోయి, నీలం మిగిలింది. క్రోమ్ పసుపు వెలుతురు తగిలి గోధుమరంగుకు తిరుగుతుందని, అందుకు కారణం క్రోమియంలో జరిగే రసాయన మార్పని 2011లో ఎక్స్-రే పరీక్షలు తేల్చాయి. కొత్త రంగులు నిలవవని వాన్ గోకు తెలుసు. కాలం ఎలాగూ వాటిని మెత్తబరుస్తుంది కనుక మరింత ఘాటుగా వేయాలని తమ్ముడికి రాశాడు.

పుస్తకాల అచ్చులోనూ ఫోను తెరమీదా ఈ రంగులు ఇంకోసారి మారిపోతాయి, కొలత అసలే తెలియదు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇవి అందుబాటు దూరంలోనే ఉన్నాయి: ‘రాత్రి కాఫీ హోటలు’ న్యూహేవెన్‌లోని యేల్ విశ్వవిద్యాలయ గ్యాలరీలో, ‘టోపీ పెట్టుకున్న స్త్రీ’ శాన్ ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో, ‘డ్రెస్డెన్ వీధి’, ‘పసుపు ఆవు’ న్యూయార్క్‌లో, ‘పెద్ద నీలి గుర్రాలు’ మినియాపొలిస్ వాకర్ ఆర్ట్ సెంటర్‌లో. జర్మనీలో ఉన్నవారు మ్యూనిక్ లెన్‌బాఖ్‌హౌస్‌కు ఒక పూట కేటాయించాలి. మ్యూజియంలో దేన్ని ప్రదర్శనలో ఉంచారో ముందే కనుక్కుని, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి, ఒక్కో చిత్రం ముందు కనీసం పది నిమిషాలు నిలబడండి.